పాచి తొట్టి

"టీ సంగతి మీరు చూసుకుంటారుగా టీచరమ్మా," అన్నాడు హెడ్మాస్టరు. అది అడగడం కాదు. అయిపోయిన మాట చెప్పడం.

పరిశోధనశాల వాళ్లు ఆవేళ బడికి వస్తున్నారు. పిల్లలకు సైన్సు ఎలా చెబితే ఎక్కుతుందో టీచర్లతో కలిసి వెతుకుతారట. ఒక మైక్రోస్కోపు, అందులో కనబడేది పెద్దగా చూపించే తెర తెస్తున్నారు. బళ్లో జీవశాస్త్రం చెప్పేది ఆ టీచరమ్మ ఒక్కతే. అయినా తెర పక్కన నిలబడేది ఫిజిక్సు మాస్టారు, టీ గదిలో నిలబడేది ఆవిడ. ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. ఏ పనైనా చివరికి ఆవిడ దగ్గరికే వచ్చి ఆగుతుంది, అంతే.

గ్లాసులు కడుగుతూ తొట్టి వంక చూసింది. మంచినీళ్ల ఫిల్టరు కింద కారిన నీళ్లు పట్టే తొట్టి అది. అడుగంతా పచ్చటి పాచి. "అది కడిగించండి, వచ్చినవాళ్లు చూస్తే పరువు పోతుంది," అని నిన్ననే అన్నాడు హెడ్మాస్టరు. కడిగించండి అంటే కడగండి అని. అటెండరుకి నడుం నొప్పి. ఆవిడకి నడుం ఉందని ఎవరికీ తోచలేదు. పొద్దున కడుగుదామనుకుంది. ఇంట్లో వంట, అత్తయ్యకి స్నానం, మొగుడి చొక్కా ఇస్త్రీ, అన్నీ ముగించుకుని వచ్చేసరికి గంట కొట్టేశారు. మొన్నెప్పుడో మొగుడు అన్నాడు, "నీకేంటి, ఏటేటా చెప్పిందే చెప్తావు, బుర్రతో పనేముంది" అని. నవ్వుతూనే అన్నాడు. ఆ మాటకి కోపం రాలేదు, అదే ఆవిడకి బాధ. నిజమే కదా అనిపించింది. ఏటేటా నీళ్లలో బతికే అదే ఏకకణ జీవి పారమీసియం, బోర్డు మీద అదే చెప్పు ఆకారం. చదువుకునే రోజుల్లో కాలేజీలో మైక్రోస్కోపు బీరువాలో ఉండేది, తాళం స్టోరు ఆయన దగ్గర ఉండేది. పాడైపోతుందని తీసేవాడు కాదు. బొమ్మ చూసి బొమ్మ వేసి పరీక్ష నెగ్గింది. ఆ బొమ్మే పిల్లల చేత వేయిస్తోంది. అసలుది ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదని ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగారు గనక?

ట్రే పట్టుకుని తరగతి గదిలోకి వెళ్లేసరికి అంతా సిద్ధంగా ఉంది. వచ్చినావిడ పెద్దావిడ, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. "నిలవ నీళ్లు ఒక్క చుక్క కావాలి," అంది. ఫిజిక్సు మాస్టారు శుభ్రమైన సీసాలో తెచ్చిన నీళ్లు చూపించాడు. పొద్దున్నే కాచి వడగట్టాడట.

"అయ్యో, ఇందులో ఏం బతుకుతుందండీ," అందావిడ.

పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరు ట్రే హెడ్మాస్టరు చేతిలో పెట్టి టీ గదికి పరుగెత్తింది. తొట్టిలో పాచి గీకి, నీళ్లతో సహా గ్లాసులో పోసుకొచ్చింది.

"కడగలేదా?" అన్నాడు హెడ్మాస్టరు పళ్ల మధ్యనుంచి. చేతిలో ట్రే ఉండటంతో ఆయనకి ఎటు తిరగాలో తోచలేదు.

తెర మీద ముందు మసక. పెద్దావిడ మెల్లగా మర తిప్పింది. అంతలో తెరంతా ప్రాణం వచ్చి కదిలింది.

పచ్చటి గొలుసులు, గాజు ముక్కల్లాంటివేవో, వాటి సందుల్లోంచి పారమీసియంలు వచ్చాయి. ఒళ్లు అద్దం. ఒంటి చుట్టూ సన్నటి వెంట్రుకలు, గాలికి వరిచేను ఊగినట్టు అలలు అలలుగా ఊగుతున్నాయి. లోపల ఒక చుక్క నిండుతోంది, నిండి ఠక్కున ముడుచుకుంటోంది, మళ్లీ నిండుతోంది. అడ్డం తగిలితే వెనక్కి జరిగి, పక్కకి తిరిగి, మళ్లీ బయలుదేరుతున్నాయి. అన్నిటికన్నా ముందు టీచరు కళ్లకి ఆనింది వేరే. అవి దొర్లుతున్నాయి. వడ్రంగి తిప్పే బరమా చెక్కలోకి దిగినట్టు, తమ చుట్టూ తాము తిరుగుతూ ముందుకి పోతున్నాయి. ఏ బొమ్మలోనూ అది లేదు. బొమ్మ తిరగదు కదా. ఎన్నిసార్లు ఈ పాచి గీకి పారబోసింది! ఇంట్లో, బళ్లో, ఎన్ని తొట్లు తోమింది! ఆ చేతుల కిందే ఇంత లోకం తన పాటికి తను తిరుగుతూనే ఉంది. ఒక్కరూ ఆగి చూడనివ్వలేదు. కాదు, తనే ఆగలేదు. ఎవరైనా ఆగనిస్తే కదా ఆగడం.

"టీలు చల్లారిపోతున్నాయి," అన్నాడు హెడ్మాస్టరు. ఎవరికీ వినపడలేదు.

రెండో బెంచీలో ఒక పిల్ల ఉంది. ప్రతిదానికీ ఎందుకు అంటుందని ఎందుకమ్మ అని పేరు పెట్టారు. అది లేచింది. "టీచర్, మీరు చెప్పినప్పుడు చెప్పులా ఉంటుందన్నారు. ఇది దొర్లుతుందని చెప్పలేదేం?"

"పరీక్షలో దొర్లమని అడగరులే, కూచో," అన్నాడు ఫిజిక్సు మాస్టారు. గది గొల్లుమంది.

టీచరు నవ్వలేదు. "నాకూ తెలీదే," అంది. "నేనూ ఇప్పుడే చూస్తున్నా. ఇదే మొదటిసారి."

హెడ్మాస్టరు దగ్గాడు. పెద్దావిడ మాత్రం కుర్చీ ఇటు తిప్పుకుంది. "ఎందుకు దొర్లుతోందంటారు?"

ఇన్నేళ్లలో టీచరుని ఎవరూ అలా అడగలేదు. బదులు ముందే తెలిసి, తప్పు పట్టడానికి అడిగే గొంతు కాదది. ఆవిడ తెర దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. "ఒంటికి ఒక పక్క నొక్కు ఉంది కదండీ. వంకర పడవని తిన్నగా తోస్తే గుండ్రంగా తిరుగుతుంది. అదే దొర్లుకుంటూ పోతే తిన్నగా పోవచ్చు. అందుకేనేమో. ఏమో మరి."

"నాకూ రూఢిగా తెలీదు. కలిసి తేల్చుకుందాం," అని పెద్దావిడ లేచింది. "ఏడాదంతా శనివారాలు మా దగ్గరికి రావాలి. మాతో కూచుని పాఠాలు తయారు చెయ్యాలి. వచ్చే టీచరు చేతిలోనే ఈ యంత్రం ఉంటుంది. మీరు రారని చెప్పారే, ఎందుకని?"

"నేనా? ఎవరు చెప్పారు?"

హెడ్మాస్టరు ట్రే బల్లమీద పెట్టాడు. "నిన్న మీవారికి ఫోను చేశానమ్మా. శనివారాలు కుదరదన్నారు. మీ అత్తగారిని చూసుకోవాలట. అందుకని మాస్టారి పేరు అనుకున్నాం."

ఫిజిక్సు మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు.

కోపం వస్తుందనుకుంది. రాలేదు. తెర మీద అవి ఇంకా పోతూనే ఉన్నాయి. అడ్డం తగిలిన చోట ఒకటి వెనక్కి జరిగింది, పక్కకి తిరిగింది, వెళ్లిపోయింది. ఆవిడ ఒళ్లు తేలికపడింది.

"ఆయన్ని అడిగారు, బానే ఉంది," అంది. "రావలసింది నేను. నేను వస్తాను."

సాయంత్రం ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. ముందు ఆ దొర్లడం చెప్పింది, చెయ్యి గాల్లో తిప్పి చూపిస్తూ. ఆయన టీవీ గొంతు తగ్గించి వింటున్నట్టు కూచున్నాడు. మంచం మీంచి అత్తయ్య, "పాచిలోనా? నిజంగానా? ఒకసారి నాకూ చూపించవే," అంది. తరవాత శనివారాల సంగతి చెప్పింది.

"నీకే కష్టమని వద్దన్నాను," అన్నాడాయన. "మరి అమ్మ?"

"మీ అమ్మగారేగా," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "రండి, చూపిస్తాను."

ఆవిడే అత్తయ్య మంచం పక్కన అరలోంచి మందుల డబ్బా తీసి ఆయన ముందు మూత తెరిచింది. పొద్దున పరగడుపునవి, తిన్నాక వేసేవి, అర ముక్క చేసి వేసేవి, రాత్రి పాదాలకి రాసేది. ఆయన వంగి చూశాడు. అద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూశాడు.

"ఇన్ని ఉన్నాయా ఇందులో!" అన్నాడు.

"ఉన్నాయి," అంది ఆవిడ. "కూచోండి. ఒక్కొక్కటీ చెప్తాను."