టీ మరక పడిన పట్టిక

పెళ్లయిన మూడో వారంలో కొత్త కోడలు వంటగది గోడకు ఒక పట్టిక అంటించింది. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజాలు, నీళ్లు... ఒక్కోదానికి ఒక్కో రంగు గడి, గడిలో ఏది దేంతో తీసుకోవాలో, దేంతో కూడదో. స్టూలు పట్టుకున్న భర్త ఆమె మడమ మీద జిగురు చుక్క పెట్టి నవ్వించాడు. అందుకే ఆమెకు ఆ పట్టిక అంటే పెళ్లి ఫొటో అంత ముద్దు.

పై వాటాలో ఉండే ఆడపడుచు మర్నాడే దాన్ని పీకేసింది. "తిండి తినడం కూడా నీ దగ్గర నేర్చుకోవాలా మరదలా? నా తమ్ముణ్ణి ఏ కాగితం చూసి పెంచానే?" అని చుట్టాల ముందు నవ్వి, దాన్ని మడిచి టీ గిన్నె కింద వేసుకుంది.

కోడలు గోడ మీద మిగిలిన జిగురు తుడిచింది. మనసులో మాత్రం రాసిపెట్టుకుంది.

ఆమె ఉద్యోగం ఆసుపత్రిలో, ఆహార సలహాలిచ్చే గదిలో. రెండు నెలలు తిరిగేసరికి డాక్టరు చీటీ పట్టుకుని ఆ గదిలోకే వచ్చింది ఆడపడుచు. మొహం పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం పెరగడం లేదట.

"మాత్ర దేంతో వేసుకుంటున్నారు వదినా?"

"టీతోనే. వాసన తెలియకుండా."

కోడలి ప్రాణం లేచొచ్చింది. "మీ టీ గిన్నె కింది కాగితం రేపు పట్టుకురండి. అది చూశాకే చెప్తాను."

"నన్నే తిప్పుతావుటే?"

"తిప్పుతాను. ఇక్కడ నేను మరదల్ని కాను."

మర్నాడు బెంచీల నిండా జనం. "ఖనిజాల గడి గట్టిగా చదవండి వదినా, అందరికీ పనికొస్తుంది."

గుండ్రటి టీ మరక సరిగ్గా అక్కడే పడింది. ఆడపడుచు మరక మీద వేలు పెట్టి చదివింది. "ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసంతో..."

"వినబడలేదమ్మా," అంది వెనక బెంచీ మీది ముసలావిడ.

మళ్లీ చదవాల్సి వచ్చింది. కోడలు ఆ ముసలావిడకు కుర్చీ వేయించింది.

సాయంత్రం వంటగదిలో ఆడపడుచే పట్టికను గోడకు ఆనించి పట్టుకుంది. "ఇక్కడ సరిపోయిందా?"

కోడలు నిమ్మరసం గ్లాసు పక్కన పెట్టి, తీరిగ్గా తల వంచి చూసింది. "కొంచెం ఎడమకి వదినా. ఊహూఁ, కుడికి. ఇంకాస్త పైకి. అయ్యో, మళ్లీ ఎడమకి."

మొదటిసారే సరిగ్గా ఉంది. ఆ మాట మాత్రం ఆమె ఎప్పటికీ చెప్పలేదు.