రెండు టికెట్లు, పక్కపక్క సీట్లు

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననుకోవద్దు. నేను బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. వెనక మెట్ల దగ్గర నిలబడి "ముందుకు జరగండి" అన్నానంటే, జరగడానికి చోటు లేనివాళ్ళు కూడా జరిగేవారు. ఆ బస్సు డ్రైవరు మా ఆయనే. పెళ్ళికి ముందూ అదే బస్సు, పెళ్ళయ్యాకా అదే బస్సు. ఆయన ముందు సీట్లో, నేను వెనక తలుపు దగ్గర, మధ్యలో ఊరు ఊరంతా. మా కాపురం సగం ఆయన తలమీది అద్దంలోనే జరిగింది. ఆయన అద్దంలోంచి కనుబొమలు ఎగరేస్తే అన్నం వేళయిందని అర్థం. నేను మూతి తిప్పితే టికెట్లు ఇంకా పూర్తి కాలేదని అర్థం.

పండగ సెలవులంటే లోకానికి సరదా, మాకు డబుల్ డ్యూటీ. అందరినీ ఇళ్ళకు చేర్చేవాళ్ళు తమ ఇంట్లో కూర్చుంటే ఎలా? మా పిల్లలిద్దరూ పండగ భోజనం ఎప్పుడూ మా అత్తగారి దగ్గరే చేశారు. నేను డిపో మెట్ల మీద కూర్చుని చల్లారిన క్యారేజీ తినేదాన్ని. అలాంటి రోజుల్లో కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఆఖరి స్టాపు వచ్చినా దిగేది కాదు. "దిగండి, దిగండి, ఇల్లు లేదా మీకు?" అని కడ్డీ మీద టకటకా కొట్టేదాన్ని. వాళ్ళు నవ్వుకుంటూ తిరుగు టికెట్టు కొనుక్కుని మళ్ళీ అదే సీట్లో కూర్చునేవారు. పక్కపక్కన. కిటికీ వైపు ఆ అమ్మాయి. నాకు ఒళ్ళు మండిపోయేది. అసూయండీ, ఇంకేం కాదు.

అందుకే రిటైరయ్యాక మా ఆయన పాత మోటారు పడవ ఒకటి కొని, "నది పొడుగునా సముద్రం దాకా వెళ్దామోయ్" అన్నప్పుడు నేను ఒకే ఒక్క షరతు పెట్టాను.

"దారిలో పండగ సెలవులు వస్తాయి. ఆ రోజు మీరు స్టీరింగు ముట్టుకోకూడదు. ఇంకెవరో నడిపేదాంట్లో ఇద్దరం టికెట్టు కొనుక్కుని ఎక్కాలి. పక్కపక్కన కూర్చోవాలి. కిటికీ సీటు నాది."

"అంతేనా?" అన్నాడు.

"అంతే. మీకు చిన్న కోరికలా కనిపిస్తోందేమో, నాకు కాదు."

చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు.

పడవ చిన్నదే. ముందు స్టీరింగు, వెనక పొయ్యి, మధ్యలో అటూ ఇటూ రెండు బల్లలు. వాటి కింద మా సామాను, రాత్రయితే వాటి మీదే మా పక్కలు. కిటికీలకు పూల కర్టెన్లు నేనే కుట్టాను. మా ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, స్టీరింగు పైన బస్సు అద్దం ఒకటి తెచ్చి బిగించడం.

"నీళ్ళలో అద్దమేమిటండీ? వెనకనుంచి లారీ వస్తుందా?" అన్నాను.

"వెనక నువ్వుంటావు కదా," అన్నాడు.

నేను గిన్నెను పొయ్యి మీద ఠంగుమని పెట్టాను.

ఇక ఆయన నడపడం చూడాలి! రేవు కనిపిస్తే చాలు, వేగం తగ్గిస్తాడు. మలుపు వస్తే హారను కొడతాడు, కొంగలు లేచిపోతాయి. గట్టుమీద ఎవరైనా చెయ్యెత్తితే, అది ఈగను తోలుకోవడానికైనా సరే, పడవ అటు తిరిగిపోతుంది. "స్టాపులో మనిషిని చూసి ఆపకుండా వెళ్ళడం నావల్ల కాదే," అంటాడు. ఈ మనిషితో సముద్రం చేరేసరికి నాకు మనవలు పుట్టి వాళ్ళకు పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయనుకున్నాను.

మొత్తానికి పండగ రోజుకి ఒక ఊరి రేవుకు చేరాం. నది అక్కడ బాగా వెడల్పు. అవతలి ఒడ్డున ఇంకో ఊరు, పెద్దది; సాయంత్రం అక్కడ దీపాలూ, బ్యాండూ, బజారంతా జనమూ. ఇవతలి నుంచి అవతలికి లాంచీ తిరుగుతుంది. నాకు కావలసింది అదే. మా పడవను రేవులో ఒక పక్కగా కట్టేశాం. పెట్టె అడుగున దాచుకున్న కొత్త బట్టలు తీశాను. సెంటు రాసుకున్నాను. మా ఆయనకు చొక్కా గుండీలు పైదాకా పెట్టి, తల దువ్వి, బడికి పంపే పిల్లాడిలా తయారు చేశాను.

రేవులో పెంకుల కప్పు కింద ఒక టికెట్ల గది, దాని ముందు రంగు వెలిసిన పొడుగాటి బల్ల. జనం పెట్టెలతో, సంచులతో, పొట్లాలతో వరసలో నిలబడ్డారు. లాంచీని చూస్తే కళ్ళు చెదిరాయి. దాన్ని నడిపే సరంగు పండగ కదా అని ముందు నుంచి వెనకదాకా రంగురంగుల బల్బుల దండలు కట్టాడు. వరసలో మా వంతు వచ్చింది.

"రెండు," అన్నాను కిటికీలో చెయ్యిపెట్టి. ఆ "రెండు" అనేటప్పుడు నా గొంతు ఎలా ఉందో మీరు వినాల్సింది. పెళ్ళికూతురి గొంతు.

సరిగ్గా అప్పుడే లాంచీ గుర్రుమని, ఒక్కసారి ఊగి, చప్పున ఆగిపోయింది. వెనకవైపు కట్టిన బల్బుల దండ జారి నీళ్ళలో పడి, అడుగున తిరిగే పంకాకు చుట్టుకుంది. సరంగు నీళ్ళలోకి దూకి చూశాడు. పైకొచ్చినప్పుడు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తీగ బిగుసుకుపోయిందండీ. ఇరుసు కూడా వంగింది. రేపు మెకానిక్కు వస్తేగానీ కదలదు," అన్నాడు. "నా సింగారం పాడుగాను! అందరి పండగా నీళ్ళపాలు చేశాను."

జనం గొల్లుమన్నారు. వంతెన ఎక్కడో దూరాన ఉందట, అటు వెళ్ళే బండ్లు మధ్యాహ్నమే ఆగిపోయాయట. నేను కిటికీలో చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడ్డాను. టికెట్లాయన నా చేతిని మెల్లగా బయటికి తోసి తలుపు మూశాడు.

ఇటు తిరిగితే మా ఆయన మాయం. చూస్తే రేవు చివర నిలబడి ఉన్నాడు. ఒకసారి జనాన్ని చూస్తున్నాడు, ఒకసారి మా పడవను చూస్తున్నాడు.

"వద్దు," అన్నాను వెళ్ళి.

"నేనేమీ అనలేదుగా!"

"మీరనక్కర్లేదు. మీ కుడికాలు అంటోంది."

నిజంగానే ఆయన కుడికాలు నేలను తొక్కుతోంది, ఆక్సిలరేటర్ మీద ఉన్నట్టు. ఆయన దాన్ని ఎడమకాలి వెనక దాచుకున్నాడు.

"మాటిచ్చారు," అన్నాను. "ఈ ఒక్క రోజూ మనది. లోకంలో జనాన్ని చేర్చడానికి మనమే పుట్టామా? మన పొయ్యి దగ్గరే కూర్చుని నాలుగు మెతుకులు తిందాం, లాంచీ లేకపోతే పోయింది."

"సరే. నీ ఇష్టం," అన్నాడు. వాదించలేదు. వాదిస్తే నాకు బాగుండేది, అరిచి గెలిచేదాన్ని.

కోపంగా వచ్చి బల్ల మీద కూలబడ్డాను. పక్కన ఒక నర్సమ్మ కూర్చుంది. ఆస్పత్రి బట్టలు ఇంకా మార్చుకోలేదు, ఒళ్ళో స్వీట్ల పెట్టె ఉంది. ఫోనులో మెల్లగా మాట్లాడుతోంది.

"తినేసెయ్ నాన్నా, అమ్మ కోసం చూడకు. నానమ్మ పెడుతుంది. నాకు పొద్దున్నే మళ్ళీ డ్యూటీ ఉంది కదా... ఏడవకు. వచ్చే పండక్కి తప్పకుండా వస్తాను."

ఆ మాటలు నావి. డిపోలో గోడకున్న ఫోనులో ఏటేటా నేను చెప్పిన మాటలు. "వచ్చే పండక్కి తప్పకుండా" అని చెప్పి చెప్పి, చివరికి పిల్లలు అడగడమే మానేశారు.

లేచి రేవు చివరికి వెళ్ళాను.

"ఏం చూస్తున్నారు బెల్లం కొట్టిన రాయిలా? ఇంజను తియ్యండి."

"మరి నీ టికెట్టు?" అన్నాడు మా ఆయన.

"నా మొహం టికెట్టు! వెళ్ళండి ముందు."

బాధ కలగలేదని అబద్ధం చెప్పను. ఎంతో బాధ కలిగింది. కొత్త బట్టల మీద పాత చొక్కా తొడుక్కుని, సంచి అడుగున వెతికి నా ఈల తీశాను. ఆ ఈల ఒక్కసారి ఊదితే రేవు మొత్తం నావైపు తిరిగింది.

"అందరూ వినండి! అవతలికి మా పడవ వెళ్తుంది. ట్రిప్పుకి ఎనిమిది మంది, తొమ్మిదో మనిషి మా అత్తగారైనా ఎక్కించుకోను. నిలబడే పని లేదు. పిల్లల తల్లులు ముందు. నర్సమ్మా, నువ్వు మొదటి సీటు!"

సరంగు ఒక్క పరుగున వెళ్ళి లాంచీలోని, మునగకుండా వేసుకునే తేలుడు చొక్కాలన్నీ మోసుకొచ్చాడు. నేనే ఒక్కొక్కరికీ తొడిగి తాళ్ళు బిగించాను. అంతా సవ్యంగా సాగుతోందనుకునేసరికి మడత కుర్చీ చంకనపెట్టుకుని ఒక తాతగారు వచ్చారు.

"కుర్చీ లేకుండా రాను," అన్నారు.

"లోపల బల్లలున్నాయి తాతగారూ. కుర్చీ తర్వాత వస్తుంది."

"మా చెల్లెలింట్లో కుర్చీలు కుదురుగా ఉండవమ్మా. కిందటేడు పడ్డాను. ఇంటిల్లిపాదీ నవ్వారు, మా బావ మరీను."

"అయితే కుర్చీ మీ ఒళ్ళో ఉండాలి. పక్కవాళ్ళకు తగిలిందా, నదిలో దాన్నొక్కదాన్నే దింపేస్తాను."

"అమ్మో, గయ్యాళి కండక్టరు!" అన్నారు తాతగారు, మహా సంతోషంగా.

అందరూ కూర్చున్నారు. నేను వెనక పొయ్యి పక్కన నిలబడి, అలవాటైన చోట కడ్డీ పట్టుకుని, "రైట్ రైట్!" అన్నాను.

పడవ కదిలింది. ఆ మాట మళ్ళీ అంటానని అనుకోలేదండీ. మా ఆయన భుజాలు నిటారుగా అయిపోయాయి, పదేళ్ళు తగ్గినట్టు. నది మధ్యలో ఆయన అద్దంలోంచి కనుబొమలు ఎగరేశాడు. నేను మూతి తిప్పాను. నవ్వొచ్చేసింది. వెంటనే గుండెలో కలుక్కుమంది కూడా. ఇంత దూరం వచ్చి, ఇన్నేళ్ళకు తీరిక దొరికి, పండగ పూట మళ్ళీ అద్దంలోనే.

అవతల రేవులో నర్సమ్మ దూకినంత పని చేసింది. గట్టు మీద నుంచి ఒక చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి ఆమె నడుముకు చుట్టుకుంది. నర్సమ్మ ఆ పిల్ల భుజం మీదుగా నన్ను చూసింది. "దిగండి, దిగండి, దారివ్వండి," అని నేనే అరిచాను. అరవకపోతే ఏడ్చేదాన్ని.

తర్వాత ఎన్ని ట్రిప్పులు వేశామో లెక్కపెట్టలేదు. వెళ్ళేటప్పుడు జనం, వచ్చేటప్పుడు మేమిద్దరం. వచ్చేటప్పుడైనా పక్కన కూర్చుందామంటే తడిసిన బల్లలు తుడవాలి, తేలుడు చొక్కాలు సర్దాలి. పొద్దుగూకింది. అవతలి ఒడ్డున దీపాలు వెలిగాయి. బ్యాండు మొదలైంది. చివరికి ఇవతలి రేవులో మిగిలింది ఇద్దరే: సరంగు, టికెట్లాయన. వాళ్ళ ఇళ్ళూ అటువైపేనట.

ఎక్కండి అన్నాను. సరంగు ఎక్కి సరాసరి మా ఆయన దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

"డ్రైవరుగారూ, లేవండి. ఈ ట్రిప్పు నాది."

"పరాయి చేతికి స్టీరింగా?" అన్నాడు మా ఆయన, పిల్లిపిల్లను పట్టుకున్నట్టు చక్రాన్ని పట్టుకుని.

"నేను పుట్టింది ఈ నది మీదే. లేవండి సార్. రెండు టికెట్లకు చెయ్యిచాపిన మనిషిని ఇందాక నావల్లే వెనక్కి పంపేశారు. అది నాకు అన్నం దిగనివ్వదు."

మా ఆయన నావైపు తిరిగాడు. అద్దంలోంచి కాదు, నిజంగా వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత లేచాడు.

నేను ఆ పాత చొక్కా విప్పేశాను. కర్టెను పక్కకు జరిపి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాం. టికెట్లాయన గొంతు సవరించుకుని, చంకలోంచి టికెట్ల కట్ట తీసి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా?"

ఉద్యోగమంతా నేను అడిగిన ప్రశ్న. నన్ను ఎవరూ అడగలేదు. నేను మా ఆయన వైపు చూశాను.

"ఇద్దరం," అన్నాడు మా ఆయన. "అవతలికి."

టికెట్లాయన రెండు చించి నా చేతిలో పెట్టాడు. డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ టికెట్ల అంచు సరిగ్గా చిరిగిందో లేదో చూశాను. సరిగ్గానే చిరిగింది.

సరంగు పడవను మెత్తగా తీసుకెళ్ళాడు. మలుపు తిప్పినప్పుడల్లా మా ఆయన కుడికాలు నేలను నొక్కుతోంది, లేని బ్రేకు కోసం. నా పాదం ఆయన పాదం మీద పెట్టి అదిమి పట్టాను. కాసేపటికి అది ఊరుకుంది. కిటికీలోంచి నీళ్ళ మీద దీపాలు దగ్గరవుతున్నాయి. ఆయన భుజం నా భుజానికి ఆనింది. వెచ్చగా ఉంది. ఇంత దగ్గరగా ఉంటే ఆయన ఎడమ చెవి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉందని తెలిసింది. అద్దంలో అది ఎప్పుడూ కనిపించలేదు.

"బాగుందా?" అన్నాడు.

"నోరు మూసుకుని కూర్చోండి. బాగుంది," అన్నాను.

పడవ అవతలి రేవును తాకింది. గట్టు మీద తాతగారు కుర్చీ వేసుకుని కూర్చుని మాకోసం చెయ్యి ఊపుతున్నారు. నర్సమ్మ కూతుర్ని ఎత్తుకుని పక్కనే నిలబడింది. టికెట్లాయన దిగి, మా కిటికీ మీద టకటకా కొట్టాడు.

"ఆఖరి స్టాపు. దిగండమ్మా, దిగండి."

మా ఆయన లేవబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

"తిరుగు టికెట్లు రెండు ఇవ్వు బాబూ," అన్నాను. "మేం దిగం."