పేరు చెప్పని ప్రార్థన

బేబీ రాగిజావ కాస్తోంది. మరుగుతున్న నీళ్ళలో పిండి కలిపి, ఉండ కట్టకుండా గరిటె తిప్పుతూనే ఉంది. ఉప్పు వెయ్యలేదు. భర్త ఎబినేజర్‌కి ఉప్పు తగ్గించమని అమలాపురంలో డాక్టరుగారు చెప్పిన నాటి నుంచి ఆ ఇంట్లో ఉప్పు డబ్బా పై అరలోకి వెళ్ళిపోయింది. బయట వెలుగు వస్తోంది. వీధి చివర చర్చి మైకులో పాట అయిపోయి, పాస్టరుగారి ప్రార్థన మొదలైంది.

ఆ ఊళ్ళో వేకువ ప్రార్థన వినాలంటే చర్చికి వెళ్ళక్కర్లేదు. కొబ్బరితోటలు దాటి కాలవ అవతలి గట్టు దాకా వినబడుతుంది. ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఎవరి కూతురు పురిటికి వచ్చింది, ఎవరికి ఆపరేషన్, అన్నీ పాస్టరుగారు పేరుపేరునా దేవుడికి విన్నవిస్తారు. చర్చి మొహం చూడనివాళ్ళు కూడా పళ్ళు తోముకుంటూ వింటారు. తమ పేరు మైకులో వచ్చిందని ఎవరూ చిన్నబుచ్చుకోరు. పోయినేడు తల్లికి కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆమె పేరు మైకులో విని, బేబీ సగం ధైర్యం తెచ్చుకుంది.

ఈవేళ మాత్రం ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"పేరు చెప్పను ప్రభువా, నీకు తెలుసు," అంటున్నారు పాస్టరుగారు. "స్కూలు వ్యాను నడిపే మా సహోదరుడు. పసిపిల్లలతో కాలవలో పడబోయిన ఆ రోజు నుంచి అతని చేతులు వణుకుతున్నాయి తండ్రీ. రాత్రిళ్ళు కంటికి నిద్ర లేదు. ఆ చేతుల్ని నువ్వే పట్టుకో తండ్రీ."

ఆ ఊళ్ళో స్కూలు వ్యాను నడిపేది ఒక్కడే.

తొలకరి వానలకి గట్టు మెత్తబడిన రోజుల మాట. ఎదురొచ్చే ట్రాక్టరుకి దారి ఇవ్వబోతే వ్యాను వెనక చక్రం కాలవ వైపు జారింది. ఎబినేజర్ ఎలాగో పైకి లాక్కొచ్చాడు. వెనక కూర్చున్న పిల్లలు ఉయ్యాల ఊగినట్టుందని నవ్వారు. ఇంటికి వెళ్ళి వాళ్ళేమీ చెప్పలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ నవ్వు అతన్ని వదల్లేదు. నిద్రలో వినబడి లేచి కూర్చునేవాడు, స్టీరింగ్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి.

ఇంట్లోంచి కదిలేటప్పుడు "వస్తాను బేబీ" అనకుండా అతను గడప దాటి ఎరగడు. ఒక పొద్దున్న ఆ మాట అనకుండానే వెళ్ళిపోయాడు. బేబీ వెతుక్కుంటూ వెళ్ళేసరికి కాలవ లాకుల మీద, కాళ్ళకి చెప్పుల్లేకుండా, నీళ్ళకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. కింద తలుపుల సందులోంచి కాలవ హోరుమని దూకుతోంది. వ్యాను జారిన సంగతి అప్పుడే ఆమెకి చెప్పాడు. నీళ్ళని చూస్తే తేలిగ్గా ఉందే అన్నాడు. ఆ మాట ఎలా అన్నాడో ఆమెకి ఇంకా చెవుల్లోనే ఉంది.

ఆ మర్నాడే అమలాపురం తీసుకెళ్ళింది. బీపీ బాగా ఎక్కువగా ఉందన్నారు. డాక్టరుగారు మాత్రలు రాసి, రోజూ తెల్లారగట్ల నడవమన్నారు, పడుకునే ముందు ఫోను చూడొద్దన్నారు, మనసులో ఉన్నది దాచుకోకుండా ఎవరో ఒకరితో చెప్పుకోమన్నారు. నడకకని ఆమె గుడ్డబూట్లు కొనిపెట్టింది. సాయంత్రం దీపాలవేళ ఇద్దరూ వాక్యం చదువుకుని, ఆ రోజు దేనికి భయం వేసిందో పైకి చెప్పుకుని ప్రార్థన చేసుకునేవారు. పొద్దున్న వ్యానెక్కాక అతను వెంటనే ఇంజను వేసేవాడు కాదు. స్టీరింగ్ మీద చేతులుంచి చిన్నగా పాట పాడుకునేవాడు. చేతులు నిమ్మళించాకే తాళం తిప్పేవాడు. మొదట్లో పాటంతా అయినా చేతులు కుదురుకునేవి కావు. ఈమధ్య ఒక చరణంతో సరిపోతోంది. నిద్ర పడుతోంది. మొన్న పప్పుచారు నోట్లో పెట్టుకుని, "నీ చేతి వంట ఆస్పత్రి కూడులాగుందే," అని వేళాకోళం కూడా చేశాడు.

ఆ సంతోషంలోనే ఆమె నోరు జారింది. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పాస్టరమ్మగారిని పక్కకి పిలిచి, దేవుడు తన భర్తకి ఎలా నయం చేస్తున్నాడో మొదటి నుంచీ చెప్పుకుంది. పేరు మాత్రం బయటపెట్టొద్దని చెయ్యి పట్టుకుని అడిగింది. పాస్టరమ్మగారు మాట ఇచ్చారు. ఇచ్చిన మాట తప్పలేదు కూడా. నయమైన సంగతి మటుకు మైకు దాకా రాలేదు.

జావ అడుగంటిన వాసన వేసింది. బేబీ గబగబా పొయ్యి కట్టేసింది.

ఎబినేజర్ నడక నుంచి వచ్చాడు. గట్టు మీద మైకు ఇంకా బాగా వినబడుతుంది. మంచుకి తడిసిన బూట్లు గుమ్మం పక్కన విప్పి, అరుగు మీద కూర్చున్నాడు. ఆమె గ్లాసులో జావ పోసి ఇచ్చింది.

"ఎవరికి చెప్పేవు?"

"పాస్టరమ్మగారికండి. పేరు చెప్పొద్దని మరీ మరీ అడిగేను."

"దేవుడికి చెప్పుకుందామన్నావు. మైక్కి కాదుగా."

అరిచి ఉంటే బేబీకి కొంత నయంగా ఉండేది. అతను మెల్లగా అన్నాడు, ఆ రోజు లాకుల దగ్గర మాట్లాడినట్టే.

ముందు తాతబ్బాయిగారు బండి మీద వచ్చి గేటు బయటే ఆగారు. రోజూ వ్యానెక్కే మనవలిద్దరూ వెనకాల బ్యాగులతో కూర్చుని ఉన్నారు. తనకి అటేపు పనుందని, వీళ్ళని తనే దింపేస్తానని, ఏమీ అనుకోవద్దని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళారు. స్కూలు వేళకి ఇంకా చాలా టైముంది. తర్వాత స్కూలు నడిపే ప్రసాద్‌గారు ఫోను చేశారు. ఎబినేజర్ నిలబడి మాట్లాడాడు. "ఆయ్" అన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండి ఆరోగ్యం చూసుకోమంటున్నారని బేబీకి అడక్కుండానే అర్థమైంది. ఫోను పెట్టేసి మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. జావ మోకాలి మీద ఒలికింది. తుడుచుకోలేదు.

అంతలో ఎదురింటి భూలక్ష్మిగారు గేటు దగ్గరికి వచ్చారు. వాళ్ళ దివ్య రోజూ వ్యానులో ముందు సీటులో కూర్చుంటుంది.

"మీ ప్రార్థన బాగుందమ్మా ఈవేళ. నేనెప్పుడూ అంత శ్రద్ధగా విన్లేదు," అన్నారావిడ. తర్వాత ఆవిడ గొంతు మారింది. "రోజూ నవ్వుతా ఎక్కించేను బేబీ నా పిల్లని. ఒక్క మాట చెప్పాల్సింది."

బేబీ తల వంచుకుంది. ఆవిడ మాట తప్పని ఎలా అంటుంది?

ఎబినేజర్ లేచి ఇంటి ముందు నిలిపిన వ్యాను దగ్గరికి వెళ్ళాడు. ఎక్కి కూర్చుని స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు. బేబీ గుమ్మంలో నిలబడి పాట కోసం చెవి ఒగ్గింది. ఒక్క చరణం చాలు, ఒక్కటి పాడనివ్వమని లోపల్లోపల వేడుకుంది. వీధి చివర మైకులో ఎవరో చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. వ్యానులోంచి ఏమీ వినబడలేదు. అద్దంలోంచి అతని చేతులు కనబడుతున్నాయి. అవి నిమ్మళించలేదు.

అతను దిగి లోపలికి వచ్చాడు. తాళం మేకుకి తగిలించాడు, రెండోసారికి గాని తగల్లేదు. ఆమె తెచ్చిపెట్టిన మాత్ర నీళ్ళ గ్లాసు పక్కన అలాగే ఉంది. దానికేసి చూడనైనా చూడకుండా బయటికి నడిచాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. బేబీ ఆ "వస్తాను" మాట కోసం చూసింది.

అనలేదు. గేటు తీసుకుని, భూలక్ష్మిగారు పక్కకి తప్పుకుంటే ఆవిడని దాటుకుని, వట్టి కాళ్ళతో వీధిలోకి దిగాడు. చర్చి వైపు కాదు, స్కూలు వైపూ కాదు. లాకుల వైపు తిరిగాడు.

"ఎక్కడికెళ్తున్నారే ఆయన?" అన్నారు భూలక్ష్మిగారు.

బేబీ గుమ్మం పక్కనున్న తడి బూట్లు చేతిలోకి తీసుకుంది. తలుపు వెయ్యలేదు. అతని వెనకాలే గేటు దాటి వెళ్ళిపోయింది.