రెండో మనిషి

"యాభై ఒకటి... యాభై మూడు... అయ్యో, మళ్ల నలభై ఎనిమిదాయె!"

జమ్ములమ్మ ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేతిలో ఫోన్ చూస్తూ సిగ్నల్ అంకెలు అరుస్తోంది. ఇటిక్యాలలో బ్యాంకు మేడ మీద, మెట్లగది కప్పుపైన, ఆమె మొగుడు ఇస్రాయేలు డిష్‌ను కావలించుకుని ఉన్నాడు. బీచుపల్లి వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. గాలి ఆగి ఆగి కొడుతోంది. కొట్టినప్పుడల్లా నిచ్చెన కాళ్లు బండ మీద జరుగుతున్నాయి.

"దిగయ్యా, గాలి జూడు."

"అరవై దాటినంక దిగుత. నువ్వు చదువు."

పొద్దున నుంచి బ్యాంకుకు లైను లేదు. ఉపాధి కూలి డబ్బులకు వచ్చినవాళ్లు కింద గోడ నీడన కూర్చున్నారు.

"ఓ డిష్షాయనా, సుక్కలు లెక్కపెడుతున్నవా ఏంది? పొద్దు గూకుతుంది!" ఒక ముసలామె కేకేసింది. అందరూ నవ్వారు. జమ్ములమ్మకు నవ్వు రాలేదు.

ఆరేళ్ల కింద గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాలకూ ఈ డిష్‌ల పనిలో పదకొండు మంది ఉండేవారు. జతగా పోయేవారు. ఒకరు పైన, ఒకరు కింద. నెల జీతం ఉండేది. తర్వాత జీతం పోయి, బాగు చేసిన ఒక్కో చోటుకు నాలుగు వందల యాభై రూపాయలు అయింది. పెట్రోలు తమదే. ఊళ్లకు భూమిలో ఇంటర్నెట్ తీగ వచ్చేకొద్దీ మనుషులు తగ్గారు. కంపెనీ జాబితాలో మిగిలినవి రెండు పేర్లు. ఇస్రాయేలు, దేవరాజు. ఇక ముందు ఆకాశంలో ఉపగ్రహాన్ని తమంతట తామే వెతుక్కునే డిష్‌లు వస్తాయట. అప్పటికి జాబితాలో పేరున్నవాళ్లకే పని అట.

నలభై రోజుల కింద ఇస్రాయేలును వేరే చోటికి పంపారు. దేవరాజు బిజినేపల్లిలో ఒక్కడే ఎక్కాడు. నిచ్చెన పట్టేవాడు లేక జారి పడ్డాడు. నడుము విరిగింది. ఆ మర్నాటి నుంచి ఇస్రాయేలు పెళ్లాన్ని వెంట తెచ్చుకుంటున్నాడు. ఫోన్‌లో ఇద్దరి హాజరు పడితేనే హైదరాబాదులో లైను తెరుస్తారు. రెండో హాజరు దేవరాజు పేరు మీదనే నొక్కమని సూపర్‌వైజర్ నరేందర్ చెప్పాడు. "పేరు పోకుంట ఉంటదమ్మా, వానికే మంచిది" అన్నాడు. జమ్ములమ్మ నమ్మింది. మొగుడి చొక్కా తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, హాజరు ఫొటోకు వీపు తిప్పి నిలబడి, నొక్కుతూ వచ్చింది.

"అరవై నాలుగు! బిగియ్యి, బిగియ్యి!"

పైన పానా తిరుగుతున్న చప్పుడు. అంతలో ఫోన్ మోగింది. దేవరాజు పెళ్లాం యాదమ్మ.

"చెల్లె, ఒక్క మాట. నష్టపరిహారం అడగనీకె పోతే కంపెనోళ్లు కాగితం సూపెట్టిండ్రు. పడ్డ మర్నాటి సంది మా ఆయన డ్యూటీ చేస్తనే ఉన్నడంట. నడుము ఇరిగినోడు మేడలెట్ల ఎక్కుతడు అంటున్రు. మంచంల మనిషిని పక్కకు తిప్పేది నేను. గా డ్యూటీ చేసినోడు ఎవడే? మీకేమన్న ఎర్కనా?"

జమ్ములమ్మ ఒకసారి పైకి, మొగుడి వైపు చూసింది.

"గాలి గొడుతుందక్కా... మళ్ల చేస్త."

తెర మీద దేవరాజు పేరు. పక్కన నొక్కవలసిన పచ్చ గడి. ఎన్నిసార్లు నొక్కిందో లెక్కపెట్టబోయి, ఆమె గడి మీది నుంచి వేలు తీసేసింది. మళ్లీ ఫోన్. ఈసారి నరేందర్.

"ఏమ్మా, రెండో హాజరేది? పది నిమిషాలల్ల పడకుంటే ఇస్రాయేలు పేరు గూడ తీసేస్తరు. నా చేతిల లేదు."

"సారూ, గా పేరు తీసి నా పేరు పెట్టుండ్రి. జమ్ములమ్మ అని. అప్పుడు నొక్కుత."

"నీ పేరెట్ల పెడతరు? నువ్వేమన్న పనిచేస్తున్నవా?"

"మరి గీ నలభై దినాలు ఎవరు చేసిండ్రు సారూ? దేవరాజన్న మంచంల ఉన్నడు. నేను నొక్కను." కాల్ కట్ చేసింది.

పైనుంచి ఇస్రాయేలు విన్నాడు. "జమ్ములూ, పాగల్ అయినవా? ఉన్న పని పోతది. గీ ఒక్కపారి నొక్కు!"

"రేపు నువ్వు పడితే, నీ పేరు మీద ఎవరు నొక్కుతరయ్యా?"

కింద ఎవరో లైనొచ్చిందా అని అరుస్తున్నారు. చినుకులు మొదలయ్యాయి. ఇస్రాయేలు ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు. నిచ్చెన ఊగింది. ఆమె చేతిలో ఫోన్ మళ్లీ మోగింది.

జమ్ములమ్మ దాన్ని తడిబండ మీద పెట్టేసి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.