సగానికి సగం తగ్గిన తీగ

నేను ఒక హీటర్ కాయిల్‌ని. గుడ్లు పొదిగే పెట్టెలో వేడి పుట్టించే తీగను. ఇప్పుడు చెత్తకుప్పలో ఉన్నాను. కరెంటు లేకపోయినా నాకు ఒళ్ళు మండిపోతోంది.

కంపెనీలో నన్ను చుట్టిన ఆయన నిక్కచ్చి మనిషి. మీ ఇళ్ళకొచ్చే రెండొందల ముప్పై వోల్టులకు నాలోంచి రెండు ఆంపియర్లే పారాలని పొడవు కొలిచి మరీ తుంచాడు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగించండి, నూట పదిహేను ఓములు. అది నా నిరోధం. ఆ వోల్టుల్నీ ఆంపియర్లనీ గుణించండి, నాలుగొందల అరవై వాట్లు. అది నా పవరు. ఇందులో అర్థం కానిది ఏముందో మీరే చెప్పండి.

నన్ను కొన్నది వెంకాయమ్మ. వీధిలో ఆడవాళ్ళు తమ నాటుకోడి గుడ్లను ఆమెకు సగపాలుకి ఇస్తారు. పిల్లలైతే చెరి సగం. ఎవరి గుడ్ల మీద వాళ్ళు బొగ్గుతో గుర్తు పెట్టుకుంటారు. పెనిమిటి పోయాక, ఆ నమ్మకమే ఆమెకు అన్నం పెడుతోంది.

ఒకరోజు నేను తెగాను. తీగ అన్నాక తెగుతుంది. ఆమె మరిది పోలయ్య వచ్చి, కాలిన ముక్క తుంచి పారేసి, మిగిలినదాన్ని సాగదీసి మెలివేశాడు. మళ్ళీ తెగితే మళ్ళీ అదే వైద్యం. చివరికి నేను సగమే మిగిలాను.

"చూశావా వదినా, ముందుకంటే ఎర్రగా కాలతంది," అన్నాడు గర్వంగా.

"మరీ అంత ఎరుపు మంచిదేనంటావా పోలయ్యా?"

"పెళ్ళిలో పప్పు ఎక్కువైందని ఏడ్చినట్టుంది నీ వరస. వేడి పెట్టేదానికి వేడెక్కువైతే నష్టమా?"

నష్టమే నాయనా. పొడవు సగమైతే నిరోధం సగం, యాభై ఏడున్నర ఓములు. వోల్టులు అవే కాబట్టి ఆంపియర్లు నాలుగు. పవరు తొమ్మిదొందల ఇరవై వాట్లు, అంటే రెట్టింపు. నన్ను కోసి నువ్వు చేసిన ఘనకార్యం ఇది. వేడి చాలగానే నన్ను ఆర్పే థర్మోస్టాట్‌లోని రేకులు రెండు ఆంపియర్లకు సరిపోయేవి. నాలుగు మోయలేక కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇక నన్ను ఆర్పేవాళ్ళు లేరు. లోపల గుడ్లలో పిల్లలు కదులుతున్నాయి. వాటి మీద నేను కాలుతూనే ఉన్నాను. ఆగడం నా చేతిలో లేదు.

వెంకాయమ్మ తలుపు తీసేసరికి ఉడికిన వాసన కొట్టింది. వీధి ఆడవాళ్ళు పోగయ్యారు.

"మా ఎర్రపెట్ట గుడ్లు ఉడకబెట్టను నీకిచ్చానా అక్కా?" అంది సైదమ్మ.

"దొంగ సరుకు కాయిలమ్మా, కంపెనీవోళ్ళు ముంచారు," అని పోలయ్య నన్ను పీకి కుప్పలోకి విసిరాడు. నా మీద ఉన్న మెలికలన్నీ అతని చేతివే.

వెంకాయమ్మ మాత్రం సైదమ్మ ముందు తలెత్తలేదు. "మా కోడిని పొదగేస్తాను. ఈసారి పిల్లలన్నీ మీకే. నాకు సగపాలు వద్దు," అంది.

గంపలో గడ్డి పరిచి కొత్త గుడ్ల మీద కోడిని కూర్చోబెట్టింది. కుప్పలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. పోలయ్య వంగి గంపలోకి తొంగి చూశాడు.

"కాస్త పక్కకి జరిగి కూర్చున్నట్టుంది వదినా. సర్దనా?"

"దాన్ని ముట్టుకోబాకు పోలయ్యా," అంది వెంకాయమ్మ. "చెయ్యి తీసెయ్."

ఆ మాట నేను తెగిన మొదటిరోజే అని ఉంటే.