మేనమామ చీర

కరెంటు పోయి గంటన్నర అయింది. చేపల మార్కెట్లో ఐసు కరిగి, నెత్తురుతో కలిసి, సిమెంటు గట్ల మీద నుంచి కాళ్ళ మీదికి కారుతోంది. కళ పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉంది. ఆమె ముందున్న చెక్క మీద ఎనిమిది కిలోల సుర్మాయి, వంజరం చేప. అది గోల్ ఘర్‌లో ఒక హోటలు వాళ్ళది. "పతలా పీస్ కర్‌నా, దీదీ" అని, ముక్కలు పల్చగా కొయ్యమని చెప్పి హోటలు మనిషి స్కూటరు దిగకుండా ఫోను చూసుకుంటున్నాడు.

చేప కోస్తే కిలోకి ముప్ఫై రూపాయలు. అందులో పది గట్టు యజమానిది. ఇరవై ఏళ్ళ కళ మూడేళ్ళుగా ఇదే పని చేస్తోంది. కత్తి జారకుండా తుడుచుకోడానికి చెక్క పక్కన ఒక పాత గుడ్డ ఉంటుంది. పనిలో చేరిన రోజు నుంచీ ఒకటి అరిగితే ఇంకొకటి అమ్మే ఇస్తోంది. రోజూ సాయంత్రం సబ్బు పెట్టి ఉతుకుతుంది గానీ దాని నీచు వదలదు.

"ఆజ్ భీ ఖానా నహీ లాయీ?" అని, ఇవాళా అన్నం తెచ్చుకోలేదేమని పక్క గట్టు నుంచి సుశీల అడిగింది. సుశీల రాంచీ పిల్ల. తాతల నాడు అడవి కొట్టడానికి రాంచీ నుంచి వచ్చినవాళ్ళ సంతతినంతా ఈ ద్వీపాల్లో అలాగే పిలుస్తారు. పోయిన నెలే ఆమె పెళ్ళి కుదిరింది. ఆ రోజు కళ కూడా వెళ్ళింది. రెండు వైపుల వాళ్ళూ వరండాలో కూర్చున్నారు. సుశీల నాయనమ్మ ఆమెని మధ్యలో నిలబెట్టి, "తూ రాజీ హై?" అని, ఈ పెళ్ళి నీకిష్టమేనా అని అందరికీ వినపడేలా మూడుసార్లు అడిగింది. సుశీల కావాలనే రెండుసార్లు మాట్లాడలేదు. మూడోసారి ఔనంది. ఆమె నోరు విప్పేదాకా ఆ వరండాలో ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు; అది వాళ్ళ కట్టుబాటు. కళ ఇంటికొచ్చి ఆ ముచ్చట తల్లికి రెండు మూడుసార్లు చెప్పింది. గురువమ్మ వింటూ బియ్యంలో రాళ్ళు ఏరింది.

ఇప్పుడు ఆ గురువమ్మే బురదలో చీర ఎత్తిపట్టుకుని గట్టు దగ్గరికి వచ్చింది.

"ఒలే కళా, కత్తెట్టీ. ఇంటికాడ పెద్దలొచ్చీసినారు."

"ఎందుకమ్మా?"

"మీ మావయ్య పొద్దున్న షిప్పు దిగినాడు."

కళ చేతిలో కత్తి ఆగింది. "నాను వొద్దని సెప్పినాను గదా!"

"నువ్వు నాకు సెప్పినావు. నాను ఎవులికి సెప్పాల?" గురువమ్మ కూతురి కత్తీ గుడ్డా బుట్టలో వేసింది. "సుక్రారం షిప్పుకి తిరుగు టిక్కెట్లు రెండు తీసీసినాడట."

మిగిలిన సుర్మాయిని సుశీల తన చెక్క మీదికి లాక్కుంది. తల్లీ కూతుళ్ళు జంగ్లీఘాట్ రేవు గట్టెక్కి ఇంటిదారి పట్టారు. రెండు టిక్కెట్లట, అని దారిలో కళ పైకే అంది. మావయ్య పెళ్ళాడతావా అని అడగలేదు, వస్తావా అని అడగలేదు. సంచీకీ పెట్టెకీ లెక్క చూసుకున్నట్టు తనకీ ఒక బెర్తు చూసుకున్నాడు.

గవరయ్య గురువమ్మ సొంత తమ్ముడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. సముద్రం అవతల, సొంతూరు పూడిమడకలో ఉంటాడు. కట్టుకున్నది నాలుగేళ్ళు కాపురం చేసి, చెప్పకుండా పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ఎందుకు పోయిందో వీళ్ళ కులంలో ఎవరూ అడగలేదు. మగాడికి ఇల్లు గడవొద్దా అనుకున్నారు, అక్కకి కూతురుంది కదా అనుకున్నారు, అక్కడితో విచారణ ముగిసింది. సముద్రం దాటి వచ్చి రెండు తరాలైనా, వలలు మారినా, డొంగీ పడవలకి ఇంజన్లు వచ్చినా, ఆడపిల్ల మీద మేనమామ హక్కు మాత్రం వీళ్ళు భద్రంగా తెచ్చుకున్నారు. అతను వద్దని వదిలేస్తేనే పిల్ల బయట సంబంధానికి వెళ్ళాలి.

గురువమ్మకీ అలాగే జరిగింది. కళ తండ్రి నూకన్న గురువమ్మకి సొంత మేనమామ, ఆమె కంటే పదహారేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఆమెని చంకనేసుకుని తీరం వెంట తిప్పినవాడే పదిహేనో ఏట తాళి కట్టాడు. అప్పటికీ ఇప్పటికీ ఆమె అతన్ని 'మావా' అనే పిలుస్తుంది. ఐదుగురు పుడితే నిలబడింది కళ ఒక్కతే.

రేకుల ఇంటి ముందుగదిలో చాప పరిచి ఉంది. విస్తళ్ళలో కోడికూర, వేపిన కోకారి చేప. సీసా ఒకటి సగం అయింది. రెండు బోట్ల ఆసామి, కులపెద్ద సత్యారావు గోడకి చేరబడి ఎముక చీకుతున్నాడు. అతని పక్కన తాతబ్బాయి. సత్యారావు ఏది అంటే దానికి ఔననడం అతని పెద్దరికం. గవరయ్య కొత్త లుంగీ కట్టుకుని, తల దువ్వుకుని, మెడకి పౌడరు పూసుకుని కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ నూకన్న తన ఇంట్లో తనే నిలబడి వడ్డిస్తున్నాడు.

ఉన్న ఒక్క కుర్చీలో డెలానీపూర్ నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు వీరరాఘవయ్య ఉన్నారు. వీళ్ళ కులం కాదు. ఈసారి పెళ్ళాం లేచిపోకుండా కాగితం ఉండాలని గవరయ్య పట్టుబట్టాడు కనుక, ఇక్కడి కుర్రకారుకి తెలుగు రాయడం రాదు కనుక, ఆయన్ని పిలిచారు. ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పారాయన. మేనరికాల వల్ల బిడ్డలకి వచ్చే జబ్బుల పట్టిక బోర్డు మీద వేసి, పిల్లల చేత బట్టీ పట్టించారు. ఆయన కూతురు హరితకి నిరుడే పెళ్ళయింది. ఆరునెలలు ఫోనులో కులం, శాఖ, సర్కారు ఉద్యోగం, జీతం వడగట్టి, చివరికి ముగ్గురి ఫోటోలు ఆ పిల్లకి చూపించి, తన ఇంట్లో ఎంత స్వేచ్ఛ ఉందో ఊరంతా చెప్పుకున్నారు. ఇక్కడ చేపముక్క ముల్లు తీసుకుంటూ, "ఎవరి ఆచారం వాళ్ళది. మనం వేలు పెట్టకూడదు" అని తనలో తనే అనుకున్నట్టు అన్నారు. వేలు మాత్రం కోడికూరలో ఉంది.

కళ గుమ్మంలో నిలబడింది. గురువమ్మ బుట్ట అరుగు మీద పెట్టి, ఆడవాళ్ళు నిలబడవలసిన చోట, వంటింటి తెర వెనక నిలబడింది.

"ఇదిగో, మా అప్ప కూతురు" అన్నాడు గవరయ్య. "నా వొళ్ళో ఉచ్చోసింది ఇది, ఇంతున్నప్పుడు. ఇప్పుడు సూడండి, మొకం తిప్పుకుంటంది!"

చాప మీదున్న వాళ్ళందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. తను ఎత్తుకుని ఆడించిన పసిగుడ్డుని పక్కలోకి అడుగుతూ దాన్నొక ముచ్చటలా చెప్పుకోడానికి అతనికి సిగ్గు లేదు. వినడానికి వీళ్ళకి రోత లేదు. కళ చేపల పేగులు రోజూ చేతుల్తో తీస్తుంది గానీ ఇంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

"పెద్దయ్యా, నాకు ఈ పెళ్ళి వొద్దు" అంది సత్యారావు వైపు చూసి.

సత్యారావు ఎముక విస్తట్లో వేశాడు. "ఎవుడే ఆడు?"

"ఎవుడూ నేడు."

"నేకపోతే ఎందుకొద్దంటావు? రాంచీ వోడా? బెంగాలీ వోడా? ఆ ఫోనిలాగియ్యి."

తాతబ్బాయి లేచి ఆమె చేతిలోంచి ఫోను లాక్కెళ్ళాడు. సత్యారావు కూర అంటిన వేళ్ళతోనే అద్దం మీద జరుపుతూ ఒక్కొక్క ఫోటో చూశాడు. సుశీల, చేపలు, సుశీల పెళ్ళి మాటల రోజు, మళ్ళీ చేపలు. వెతికినది దొరకలేదు. అతనికి కోపం వచ్చింది. వేరే మగాడు లేకుండా ఆడపిల్ల వద్దనడం అతను ఎప్పుడూ వినలేదు. ఎవడో ఉంటే తన్ని తరిమెయ్యొచ్చు. ఎవడూ లేకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

"డిలీట్ సేసీసి ఉంటాది" అన్నాడు తాతబ్బాయి.

జిడ్డు మరకలతో ఫోను తిరిగి వచ్చింది. కళ దాన్ని లంగాకి తుడుచుకుంది.

మాస్టారు చెయ్యి కడుక్కుని కాగితం తీశారు. "సంతకం పెట్టమ్మా. పెద్దవాళ్ళు నీ మంచికే చూస్తారు."

కళ పదో తరగతి దాకా హిందీ మీడియంలో చదివింది. తెలుగు నోటితో వచ్చు, కంటితో రాదు. "ఏటి రాసినారో సదవండి, మాస్టారూ."

ఆయన గొంతు సవరించుకున్నారు. "నూకన్న కుమార్తెనైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో…"

"నా ఇష్టం అని మీకెవులు సెప్పినారు?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కాగితాల్లో అలాగే రాస్తారమ్మా."

"నన్ను అడిగినారా? ఒక్కసారయినా పూఛా కిసీనే?"

"కళా!" నూకన్న గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. సత్యారావు బోటు మీదే అతను వేటకి వెళ్తాడు. ఆ బోటు లేకపోతే ఈ వయసులో అతన్ని ఎవరూ ఎక్కించుకోరు.

"అడిగేదేటి?" గవరయ్య ముందుకి జరిగాడు. "నువ్వు పెద్దమనిసైనప్పుడు తాటాకు చాపెవుడేసినాడు? నానే. చీరెవుడెట్టినాడు? నానే. పసుప్పచ్చ చీర, జరీ అంచు. ఊరంతా సూడగా కట్టుకున్నావు. అప్పుడే నువ్వు నాదానివైపోనావు. ఆ చీర తేండి. పెద్దల ముందు ఎట్టండి. మాటుందో నేదో ఆలే సెప్తారు."

"ఠీక్ మాట" అన్నాడు సత్యారావు. "నూకన్నా, చీర తే."

ఏడేళ్ళ కిందటి మాట. పదమూడేళ్ళ పిల్ల, కడుపునొప్పితో ముడుచుకుని కూర్చుంటే, ఎవరో తలమీదుగా చీర చుట్టారు. దానికి ధర ఇదని అప్పుడు ఎవరూ చెప్పలేదు. నూకన్న లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. దుప్పట్లు, రేషను కార్డు, చచ్చిపోయిన పిల్లల గౌన్లు రెండు పైకి తీశాడు. చీర లేదు.

"ఏది? అమ్మీసినారా?" గవరయ్య అరిచాడు. "మేనమామ చీర పోగొడితే తప్పు కడతారు!"

అప్పుడు వంటింటి తెర కదిలింది. గురువమ్మ మగవాళ్ళ మధ్య నుంచి నడిచి అరుగు మీదికి వెళ్ళింది. మార్కెట్టు బుట్టలో కత్తిని పక్కకి నెట్టి, దాన్ని తుడిచే గుడ్డ తీసింది. గదిలోకి వచ్చి, సరిగ్గా విస్తళ్ళ నడుమ, కోడి ఎముకల మీద పడేసింది.

నెత్తురూ పొలుసులూ పట్టి గోధుమరంగుకి తిరిగిన గుడ్డ. ఒక మూల మాత్రం జరీ దారాలు నాలుగు ఇంకా మెరుస్తున్నాయి. మూడేళ్ళు రోజూ చేత్తో పట్టుకున్నా కళ వాటిని చూసుకోలేదు. నీచుకంపు గదంతా నిండింది. మాస్టారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదే నీ చీర, తమ్మా" అంది గురువమ్మ.

"ఎవులు సింపినారు?"

"నానే. నాలుగు ముక్కలు సేసినాను. మూడు అరిగిపోనాయి." ఆమె వేలితో జరీ మూలని చూపించింది. "నాకెట్టిన చీర నాను సింపనేకపోనాను."

నూకన్న చేతిలో కూరగిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్ళలో ఆమె ఇంత పొడుగు మాట మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. భార్య వైపు చూడబోయి నేల వైపు చూశాడు.

"నీ ఆడదాన్ని లోపలికి ఎల్లమను" అన్నాడు సత్యారావు. "నూకన్నా, రేపు బోటు కావాలా నీకు?"

నూకన్న కూరగిన్నెలో గరిటె తిప్పాడు.

గురువమ్మ లోపలికి వెళ్ళలేదు. చాప చివర, గవరయ్యకి ఎదురుగా, పెద్దల ముందు కూర్చుంది. ఆ ఇంట్లో పెద్దలున్నప్పుడు ఏ ఆడదీ ఆ చాప మీద కూర్చోలేదు. తాతబ్బాయి కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు.

"ఒలే కళా, ఇలాగ్రా" అంది. కళ గుమ్మం వదిలి వచ్చి మధ్యలో నిలబడింది. గురువమ్మ తల ఎత్తి, వీధిలోకి కూడా వినపడేలా అడిగింది.

"గవరయ్యని సేసుకోడం నీకిష్టమేనా?"

"నేదమ్మా."

"ఆపండి ఈ రాంచీ నాటకాలు!" అని సత్యారావు గ్లాసు నోటి దాకా ఎత్తాడు. గురువమ్మ అతని వైపు చూడలేదు.

"నీకిష్టమేనా?"

"నేదు."

వీధిలో జనం పోగయ్యారు. పక్కింటి ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. వాళ్ళలో ఎవరినీ ఎవరూ ఎప్పుడూ ఆ మాట అడిగి ఉండరు. గురువమ్మ కూతురి మొహంలోకి చూస్తూ ఊపిరి పీల్చుకుంది. మూడోసారి అడగడానికి నోరు తెరిచింది.

సత్యారావు గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.