ఒక్క డబ్బా, మూడు పద్దులు

లెక్కపెడితే లక్ష్మి ఇల్లు వదిలి వెళ్ళిపోతుందా?

ఈ అనుమానం విజయరాణిని పదహారేళ్ళుగా పట్టుకుని ఉంది. సిరిసిల్ల నుంచి సూరత్‌లోని లింబాయత్‌కు కోడలిగా వచ్చిన వారానికే అత్త వెంకటవ్వ దేవుడి అరలో ఉన్న డబ్బుల రేకు డబ్బా చూపించి చెప్పింది. "ఇండ్లనే ఏస్తం, ఇండ్లకెల్లే తీస్తం. ఎంతున్నదని మాత్రం లెక్కవెట్టకు బిడ్డా. లచ్చిమిని లెక్కిస్తె అలిగి ఎల్లిపోతది."

విజయరాణి దైవభక్తి ఉన్న మనిషి. పెద్దల మాట జవదాటదు. కానీ ప్రతి దీపావళికీ బట్టల మార్కెట్లో ధనసుఖ్‌భాయ్ దుకాణానికి సరుకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ అనుమానం మళ్ళీ లేచి కూర్చునేది. ఆయన లక్ష్మీదేవి పటం ముందు ఎర్రట్ట లెక్కల పుస్తకం పెట్టి, దానికి కుంకుమ అద్ది, హారతి ఇచ్చేవాడు. పొద్దున లేచింది మొదలు ఆయన చేసే పనే లెక్కపెట్టడం. అయినా లక్ష్మి ఆయన మీద అలగలేదు సరికదా, చుట్టాలను కూడా వెంటపెట్టుకుని వచ్చినట్టుంది. మరి మా ఇంటికొచ్చేసరికే ఆ తల్లికి అంత కోపం ఎందుకో! ఈ ప్రశ్న ఆమె దేవుణ్ణి తప్ప ఎవరినీ అడగలేదు.

ఆమె చేతికి పనికి కొదవ లేదు. కాలనీ ఆడవాళ్ళు తెచ్చే చీరలకు ఫాల్ కుట్టి, అంచులకు పీకో వేసి ఇచ్చేది. మార్కెట్లో చీరలు కొనుక్కొచ్చి మన తెలుగువాళ్ళకు వాయిదాల మీద అమ్మేది. వీటన్నిటికంటే ఆమెకు గర్వమైనది మూడోది. గల్లీలో ఒక గది అద్దెకు తీసుకుని, మూడు మిషన్లు వేసి, ఇద్దరు ఆడవాళ్ళకు కూలి ఇచ్చి చీర లోపలి లంగాలు కుట్టించి ధనసుఖ్‌భాయ్‌కి అమ్మేది. గది తలుపు మీద తన పేరు రాయించుకుంది కూడా.

ఇంత చేసినా నెలాఖరుకు డబ్బా అడుగు కనపడేది.

శ్రావణం రాకముందు ఒకనాడు భర్త రాజనర్సు తేల్చేశాడు. అతను మరమగ్గం నడుపుతాడు. మగ్గాల మోతలో బతికిన మనిషి కాబట్టి మెల్లగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

"మిషన్లు ఏసి మూడేండ్లాయె. పైసలు ఎటువోతున్నయో నీకెరుక లేదు, నాకెరుక లేదు. పల్సానా ఊర్ల ఒకాయన మూడు మిషన్లకు పద్దెనిమిది వేలు ఇస్తా అన్నడు. దసరా దాక సూస్త. అప్పటికి పైసలేడికి పోతున్నయో సూపియ్యకపోతే అమ్మేసుడే."

"అమ్మితే నేనేం చేయాలె?"

"ఇంట్ల కూసొని కూలికి దారాలు కత్తిరియ్యి. అదైతే లాస్ ఉండదు."

విజయరాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మిషన్లు పోతే తలుపు మీది పేరూ పోతుంది.

రెండు రోజుల తర్వాత తాయారమ్మ తన చీరలు తీసుకోవడానికి వచ్చింది. విజయనగరం ఆవిడ. సూరత్‌లోనే ఉధ్నాలో ఉంటుంది. రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైంది. ఐదు వందల నోటు ఇస్తే విజయరాణి చిల్లర కోసం డబ్బా తెచ్చింది. అంతలో చీర వాయిదా కట్టడానికి వచ్చిన ఒకామె ఇచ్చిన డబ్బు అందులోనే వేసింది. లంగాలు కుట్టే ఆమె వచ్చి అడిగితే అందులోంచే కూలి తీసి ఇచ్చింది. పాలవాడికీ అందులోంచే.

తాయారమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. "ఏవిటే ఇది? నీకు ఎన్ని వ్యాపారాలు?"

"ఒక్కటేనమ్మా. బట్టలది."

"ఒకటి కాదు, మూడు. మూడు ఏరుల నీళ్ళు ఒకే బిందెలో పోసి, ఏ ఏరు ఎండిందో తెలియట్లేదని ఏడిస్తే ఎలా?"

విజయరాణి అప్పటికే రెండు రోజులుగా ఏడుస్తూనే ఉంది. ఆ మాటతో అంతా చెప్పేసింది. మిషన్ల సంగతి, దసరా గడువు, చివరికి లక్ష్మి అలిగే సంగతి కూడా.

తాయారమ్మ నవ్వలేదు. "దేవుడి ముందు దీపం పెడతావు కదా. దీపంలో నూనె ఎంతుందో చూసుకోవా? చూసుకుంటే దేవుడికి కోపం వస్తుందా? ఇదీ అంతే. ఆదివారం పుస్తకం పట్టుకుని రా."

ఆదివారం మొదలైంది పాఠం. విజయరాణి చదివింది ఎనిమిదో తరగతి. కూడికలు, తీసివేతలు వచ్చు. అవి చాలన్నది తాయారమ్మ.

"ఫాల్ కుట్టడం ఉంది చూశావూ, అక్కడ నువ్వు అమ్మేది నీ చేతిపని. చీర వాళ్ళదే, ఫాల్ వాళ్ళదే. దారం ఖర్చు తీసేస్తే మిగతాది నీది. ఇది సుళువు. చీరలు అమ్మడం అలాక్కాదు. పాలు కొని పాలే అమ్మినట్టు. నెల మొదట్లో ఇంట్లో ఎంత సరుకుంది, నెలలో ఎంత కొన్నావు, ఆఖరికి ఎంత మిగిలింది, ఇవి చూస్తేనే అమ్ముడైన సరుకు ఖరీదు తెలుస్తుంది. కొన్నదంతా ఖర్చు కాదు, వచ్చిందంతా లాభం కాదు."

"మరి లంగలు?"

"అది పాలు కొని తోడుపెట్టి పెరుగు అమ్మడం. పాల ఖరీదే కాదు, తోడు ఖరీదు, కట్టెల ఖరీదు, కుండ ఖరీదు, నీ కష్టం ఖరీదు. ఇంకా తోడుకోని పాలు కూడా ఉంటాయి. వాటికీ ఒక లెక్క."

విజయరాణికి ఆ తోడుకోని పాలు వెంటనే అర్థమయ్యాయి. మంచం కింద కత్తిరించి కుట్టకుండా పడున్న నూట ఇరవై లంగాల బట్ట ఉంది. పోయిందని రాజనర్సు తిట్టుకునే డబ్బులో ఐదు వేల పైచిలుకు అక్కడే మూటకట్టుకుని కూర్చుంది.

శ్రావణమాసం అంతా రాసింది. కానీ చీరల పద్దు దగ్గరికి వచ్చేసరికి చిక్కుబడింది. ఎవరికి ఉద్దెర ఇచ్చిందో సగం గుర్తులేదు. చీరలన్నీ నేల మీద పరిచి లెక్కపెడుతుంటే వెంకటవ్వ గడపలో నిలబడి గొణిగింది.

"వద్దన్న పనే చేస్తున్నవు. శుక్రారం పూట!"

"శుక్రవారం గనకనే చేస్తున్న అత్తమ్మా. మంచి రోజు."

"నోరు బాగ లేస్తుంది తాయారమ్మ కాడికి పోవట్టి." ముసలామె కాసేపు చూసి, ఉండబట్టలేక ముందుకొచ్చింది. "గా ఆకుపచ్చ అంచుది ఇండ్ల లేదేంది? అది పద్మారాణి తీస్కపోయింది. ఆరు వందలు ఇచ్చింది, నాలుగు వందలు ఇయ్యాలె. నీలంది సంధ్యారాణి ఆడిబిడ్డకు. రూపాయి ఇయ్యలే. పెండ్లిల కట్టుకొని తిరిగింది కూడ, సిగ్గులేకుంట."

విజయరాణి కలం ఆగిపోయింది. "అత్తమ్మా, ఇవన్ని నీకు యాదికున్నయా?"

"ఉండయా మరి? నా కండ్ల ముందలకెల్లే పాయె."

"మరి లెక్కవెట్టొద్దంటివి?"

"నేనేడ లెక్కవెట్టిన? యాదికుంచుకున్న," అంది వెంకటవ్వ, గొంతుక్కూర్చుంటూ. "రాయి, రాయి. ఎదురింటామె నాలుగు వందల యాభై."

ఆ పూట అక్షరం ముక్క రాని వెంకటవ్వ నోట్లోంచి తొమ్మిది వేల రూపాయల ఉద్దెర పేరు పేరునా పుస్తకంలోకి దిగింది.

శ్రావణం వెళ్ళాక తాయారమ్మ ముందు పుస్తకం పెట్టింది. ఫాల్ పనిలో తొమ్మిది వేలు వచ్చాయి, దారాలకు ఏడు వందలు పోయాయి. కాలక్షేపం అనుకున్న పని ఎనిమిది వేల మూడు వందలు మిగిల్చింది. చీరలు ఇరవై ఎనిమిది వేలకు అమ్మింది, వాటి అసలు ఖరీదు ఇరవై రెండు వేలు. ఆరు వేలు లాభమే, కాకపోతే అది ఉద్దెరలో ఇరుక్కుంది.

"ఇక నీ ముద్దుబిడ్డ పద్దు," అంది తాయారమ్మ. "ఒక లంగాకి ఎంతవుతుంది?"

"బట్ట నలభై నాలుగు. దారం, బొందు నాలుగు. కుట్టుకూలి పన్నెండు. మొత్తం అరవై. అరవై ఐదుకు అమ్ముతున్న. ఐదు మిగుల్తది."

"గది అద్దె ఎవరిస్తారు, మీ మావగారా?"

విజయరాణి నాలుక కరుచుకుంది. అద్దె, కరెంటు కలిపి మూడు వేల ఆరు వందలు. నెలకు మూడు వందల లంగాలు. ఒక్కోదానికి పన్నెండు.

"మరి బట్ట కత్తిరించేది నువ్వు. నీ కూలి ఏదీ?"

"నాకు నేను కూలి ఇచ్చుకుంటనా అమ్మా?"

"బయటి మనిషిని పెడితే?"

"మూడు రూపాయలు అడుగుతరు."

మొత్తం డెబ్బై ఐదు. ఒక్కో లంగాకి పది రూపాయలు ఎదురు పెట్టి అమ్ముతోంది. నెలకు మూడు వేలు. తలుపు మీద పేరు రాయించుకున్న వ్యాపారమే మిగతా రెండింటినీ తినేస్తోంది. దానికి తోడు ఇంటి ఖర్చుకు నెలనెలా డబ్బాలోంచి పోయే ఏడు వేలను ఇన్నేళ్ళూ ఎవరూ ఎక్కడా రాయలేదు. విజయరాణి మొహం చిన్నబోయింది.

"మొహం అలా పెట్టకు," అంది తాయారమ్మ. "రోగం ఎక్కడుందో తెలిసింది. అరలో ఉన్న అమ్మవారు ఎటూ పోలేదు కదా?"

భాద్రపదం చివర్లో ధనసుఖ్‌భాయ్ కబురు పంపాడు. నెలకు ఎనిమిది వందల లంగాలు కావాలి, అదే అరవై ఐదుకు. రాజనర్సు ఎగిరి గంతేశాడు.

"ఇగ మిషన్లు అమ్ముడు లేదు! ఎనిమిది వందలంటే ఎంత లాభం!"

"ఏమయ్య, జర కూసో." విజయరాణి పుస్తకం తెరిచింది. "ఎక్కువ కుడితే అద్దె పెరగదు, కరెంటు ఎనిమిది వందలు పెరుగుతది. ఒక్కోటి అరవై ఎనిమిదిన్నర పడుతది. నెలకు రెండు వేల ఎనిమిది వందలు లాస్. ఇప్పుడు మూడు వేలు లాస్. ఐదు వందల లంగలు ఎక్కువ కుట్టి రెండు వందల రూపాయలు దక్కించుకుందామా?"

రాజనర్సు అంకెల వంక చూశాడు. మగ్గం మీద గజాలు లెక్కపెట్టే మనిషి గనుక అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "గిట్లనా," అన్నాడు. జీవితంలో మొదటిసారి అతని గొంతు మెల్లగా వినిపించింది.

మర్నాడు ఇద్దరూ మార్కెట్‌కు వెళ్ళారు. విజయరాణి దారంతా దేవుడి పేరు తలుచుకుంటూనే ఉంది.

"డెబ్బై ఐదైతే ఇస్తాను సేఠ్," అంది హిందీలో.

ధనసుఖ్‌భాయ్ టీ కప్పు దించాడు. "బెహన్, మిగతావాళ్ళు అరవై ఐదుకే ఇస్తున్నారు. నీ లంగాకి బంగారం జరీ ఉందా?"

"ఎట్లా ఇస్తున్నారో కొలిచి చూడండి."

ఆయన నవ్వుతూనే టేపు తీశాడు. వేరేవాళ్ళ లంగా ఒకటి, ఆమెది ఒకటి బల్ల మీద పరిచాడు. వేరేవాళ్ళ లంగా ఘేరు, అంటే కింది చుట్టుకొలత, జానెడు తక్కువ. నవ్వు ఆగింది. విజయరాణి పుస్తకం ఆయన ముందుకు జరిపింది. తెలుగు అక్షరాలు ఆయనకు రావు, అంకెలు వచ్చు. ఒక్కో అంకె మీద వేలు పెట్టి ఆమె చెప్పింది. బట్ట, దారం, కూలి, అద్దె, తన కూలి. ఆయన చివరి అంకె దాకా చూసి తల పంకించాడు.

"డెబ్బై."

"డెబ్బై అయితే నా పేరు తీసేసి మీ పేరు రాయించండి గది మీద."

"డెబ్బై రెండు."

రాజనర్సు ఆమె మోచేయి తాకాడు, ఒప్పుకొమ్మన్నట్టు. ఆమె కదల్లేదు.

"డెబ్బై నాలుగు. బట్టకు సగం పైసలు ముందే ఇవ్వాలి."

ధనసుఖ్‌భాయ్ రాజనర్సు వైపు తిరిగాడు. "భాయ్, ఈవిడకు లెక్కలు ఎవరు నేర్పారు? నా కొడుకును కూడా అక్కడికే పంపుతా," అని గట్టిగా నవ్వి, తన ఎర్రట్ట పుస్తకంలో ఆమె పేరు రాసుకున్నాడు. డెబ్బై నాలుగు.

లంగాకి ఐదున్నర. ఎనిమిది వందలకు నాలుగు వేల నాలుగు వందలు. ఆమె కత్తిరింపు కూలి అది కాక. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రాజనర్సు ఆ లెక్క నాలుగుసార్లు పైకి చెప్పించుకున్నాడు. ఆటోవాడికి కూడా విసుగొచ్చింది.

దసరా ముందు రోజు పల్సానా ఆయన టెంపో వేసుకుని మిషన్ల కోసం వచ్చాడు. మిషన్లకు అప్పటికే పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు చుట్టి ఉన్నాయి. రాజనర్సు గది గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాడు, గల్లీ అంతా వినేట్టు.

"అమ్మం అన్నా! నీ దగ్గర ఇంకో మిషన్ ఉంటే చెప్పు, మేమే కొంటం!"

కుట్టే ఆడవాళ్ళిద్దరూ ఫక్కున నవ్వారు. విజయరాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు.

పండగ దాటిన సోమవారం ఉదయం ఆమె పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, తాము ఎవరెవరికి ఇవ్వాలో వరసగా రాస్తోంది. చీరల దుకాణం, కరెంటు, కుట్టుకూలి. వెంకటవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"బిడ్డా, నాదొకటి రాయి."

"నీదేంది అత్తమ్మా?"

"తొమ్మిదేండ్ల కింద మగ్గాలు బందైనప్పుడు, గుర్తున్నదా? ఇంట్ల గింజ లేదు. బోనానికి బెల్లం, బియ్యం, కొబ్బరికాయ కనకయ్య దుకాణంల ఉద్దెర తెచ్చిన. ఎవ్వలకు చెప్పలే. రెండు వందల అరవై. ఆయన అడగలే, నేను ఇయ్యలే. మొక్కు నాది, పైసలు ఆయనవి. గా బోనం అమ్మోరికి చెందిందో లేదో అని అప్పటికెల్లి మనసుల మసులుతుంటది."

విజయరాణి పేరు రాసింది, ఎదురుగా అంకె వేసింది. డబ్బాలోంచి డబ్బు తీసి అత్త చేతిలో పెట్టింది. "నువ్వే ఇచ్చి రా. నేను వెంబడి వస్త."

కనకయ్య అప్పుడే దుకాణం తీసి అగరుబత్తి వెలిగిస్తున్నాడు. వెంకటవ్వ సంగతి చెబుతుంటే తలెత్తి చూశాడు.

"నాకెరుకే అవ్వా. అమ్మోరి బోనం కదా, అడుగుడెందుకని ఊకున్న."

"నువ్వు ఊకున్నవు, నాకు నిద్ర పట్టలే. తీస్కో," అని ఆమె డబ్బు బల్ల మీద పెట్టింది.

కనకయ్య రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకుని, గల్లాపెట్టెలో వేశాడు.